పొర లేవని రాయి

మా అమ్మ పుట్టిన ఊరి చరిత్ర రాయమంటే నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అది ఎనభైల నడిమి మాట. నరసరావుపేటలో ఒక కాలేజీలో లెక్చరర్‌గా కొత్తగా చేరాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పాఠం చెప్పేటప్పుడు కూడా కిటికీకీ బోర్డుకీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. కాలేజీ వార్షిక సంచికలో పల్నాటి ఊళ్ళ చరిత్రలు వేద్దామని, లెక్చరర్లు తలా ఒక ఊరు తీసుకోవాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఒకాయన కోట ఉన్న ఊరు తీసుకున్నాడు. ఇంకొకాయన గుడి ఉన్న ఊరు తీసుకున్నాడు. నేను నీళ్ళ కింద ఉన్న ఊరు తీసుకున్నాను.

"మునిగిపోయిన ఊరికి చరిత్ర ఏంటమ్మా?" అని ప్రిన్సిపాల్ గారు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మునిగిపోయిన ఊరికి మిగిలేదే చరిత్ర, ఇంకేం మిగులుతుంది?

అది మాచర్లకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఉండేది. దాన్ని పట్నం అనేవాళ్ళు. నిజానికి అక్కడ ఉన్నది రెండు బజార్లు, ఒక రేవు, ఒక సంత, ఒక చర్చి, ఒక బడి. అయితే పుట్టి అనే గుండ్రటి పడవెక్కి అవతలి ఒడ్డు నుంచి వచ్చే నల్గొండ జిల్లా జనానికి అదే పట్నం. విని విని ఊళ్ళోవాళ్ళు కూడా ఆ పేరుకి అలవాటుపడి కాస్త టెక్కుగానే బతికారు. సాగర్ డ్యాం కట్టినప్పుడు వెనక్కి ఎగదన్నిన నీళ్ళలో ఊరంతా మునిగింది. జనాన్ని ఎత్తుగా ఉన్న మెట్టనేల మీద, గవర్నమెంటు గీసిచ్చిన ప్లాట్లలోకి పంపారు. దానికి అందరూ కొత్తూరు అని పేరు పెట్టుకున్నారు. నా వ్యాసం నాటికి అది పాతబడి ఇరవై ఏళ్ళు దాటినా పేరు మారలేదు.

నేను వీలు దొరికినప్పుడల్లా కొత్తూరు వెళ్ళి ముసలివాళ్ళని పట్టుకునేదాన్ని. రేవు నడిపిన కుటుంబాలవాళ్ళు, "మేం పుట్టి ఏస్తేనే గదమ్మా ఊరు పడింది" అన్నారు. సంతలో దుకాణాలు పెట్టినవాళ్ళు, "సంత లేందే రేవెందుకు, పుట్టెందుకు" అన్నారు. చర్చివాళ్ళు మిషన్ బడి దగ్గర నుంచి మొదలుపెట్టారు, అంతకు ముందు ఆ ఒడ్డున మనుషులే లేనట్టు. ఊరి బయట కత్తులు పట్టుకున్న వీరుల బొమ్మలు చెక్కిన రాళ్ళు ఉండేవట. వాటి సంగతి అడిగితే మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట, "అయ్యి చానా పాతయ్యి." ఎంత పాతవి? చానా. నాకు పిచ్చెక్కిపోయేది.

అందరికన్నా ఎక్కువ చెప్పింది మా మేనమామ. అమ్మకి ఒక్కడే తమ్ముడు. కొత్తూళ్ళో సేద్యం చేసేవాడు, పొలం పని లేనప్పుడు నాపరాయి క్వారీకి పోయేవాడు. రేవు మెట్లెక్కగానే మొదట ఏ దుకాణం వచ్చేది, మిరపకాయ బస్తాలు ఎక్కడ దించేవాళ్ళు, వరద వస్తే నీళ్ళు ఎవరి అరుగు దాకా వచ్చేవి, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నేను రాసుకోలేక "ఆగు మామయ్యా, ఆగు" అని మొత్తుకునేదాన్ని. అలాంటి మనిషి శ్మశానం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేవాడు. ఎందుకో నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మమ్మ చిన్న వయసులోనే పోయింది. తమ్ముణ్ణి అమ్మే సాకింది. మా వైపు ఇళ్ళకి నేల నాపరాయి, కప్పు నాపరాయి, దొడ్డి చుట్టూ నిలబెట్టే గోడ కూడా నాపరాయే. భూమిలో నుంచి పలకలు పలకలుగా వస్తుంది. పై వరసల్లో దొరికేది ఎండకీ వానకీ పొర లేచిపోతుంది, అడుగు వరసల్లోది లేవదు. తాతయ్య క్వారీలో నిలబడి అడుగు వరస రాయి ఏరించి, అమ్మమ్మ పేరూ సిలువా ఒక బైబిలు వాక్యమూ చెక్కించి సమాధి మీద వేయించాడు. పిల్లలిద్దరూ దాన్ని అమ్మ రాయి అనేవాళ్ళు. బడి నుంచి వస్తూ దాని మీద కూర్చుని రేగుపళ్ళు తినేవాళ్ళమని అమ్మ చెప్పేది.

ఊరు ఖాళీ చేసేనాటికి తాతయ్య లేడు. అమ్మ నరసరావుపేటలో కాపురం చేస్తోంది. నేను చంకలో ఉన్నాను, మా తమ్ముడు కడుపులో ఉన్నాడు. నెలలు నిండిన మనిషి కదలడానికి లేదు. ఇల్లు ఏమైపోయినా ఫర్వాలేదు, అమ్మ రాయి మాత్రం తెచ్చి కొత్తూరి శ్మశానంలో వెయ్యమని తమ్ముడికి కబురు చేసింది. తెచ్చానని ఆయన తిరుగు కబురు పంపాడు. కాన్పై లేచాక అమ్మ చూడబోతే, అక్కడ ఒక బోడి నాపరాయి పరిచి ఉంది. అక్షరం లేదు, సిలువ లేదు. బండి కుదుపులకు పొర లేచిపోయిందక్కా అన్నాడు మామయ్య. నాపరాయి గుణం తెలిసిన ఊరు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. అమ్మ మాత్రం, "మా నాయన ఏరించిన రాయి పొర లెయ్యదు" అంది. అనేసి, ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

అంటే రాకపోకలు లేవని కాదు. వెళ్ళేది, ఆయన ఇంట్లోనే దిగేది, ఆయన పక్కనే కూర్చుని తినేది. మాటలు మాత్రం నా మీదుగా నడిచేవి. ఆయన ఎదురుగా మంచం మీద ఉండగానే, "మీ మామయ్యని ఎండన పడి తిరగొద్దని చెప్పు" అనేది నాతో. ఆయన గోడకేసి చూస్తూ, "మీ అమ్మని ఇంకాస్త కూర ఏసుకోమనమ్మా" అనేవాడు. ఆ ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతుని. ఒక్కోసారి విసుగొచ్చి మధ్యలో సొంత మాటలు కలిపేసేదాన్ని. నవంబరులో సమాధుల పండగ వస్తే అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ బోడి రాయికి మామయ్య ఒక్కడే సున్నం వేసేవాడు. అమ్మ ఒక్క ఏడు కూడా రాలేదు. "ఎవరింటి అరుగో తెలియని రాయికి నేను కొవ్వొత్తి పెట్టాలా?" అనేది.

నేను చరిత్ర రాస్తున్న ఆ ఏడాదికి ముందు నుంచే వానలు ముఖం చాటేశాయి. సాగర్‌లో నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి పోయాయి. వేసవిలో ఒక ఆదివారం చర్చి అయ్యాక, మాచర్ల నుంచి వచ్చిన ఒకావిడ అమ్మతో, "అక్కా, పాత పట్నం తేలిందంట. మీ చర్చి గోడలు కనపడతన్నయ్యంట" అంది. అమ్మ ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించలేదు. సంచిలో రెండు చీరలు కుక్కింది.

"నీ చరిత్రకి పనికొస్తది గదా, పోదాం పద."

నా చరిత్ర మీద అమ్మకి అంతకు ముందు ఎన్నడూ అంత ప్రేమ లేదు.

కొంత దూరం బస్సులో పోయి మేము ఎక్కిన ఆ మాచర్ల చిన్న రైలు సంగతి ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్ళకి చెప్పినా నమ్మరు. మధ్యలో దిగి మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎక్కవచ్చు. ఆ రోజు అమ్మ సీటు మీద కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, గురజాల వచ్చిందా, రెంటచింతల దాటిందా అని ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ అడుగుతూనే ఉంది. వడగాలి ముఖాన కొడుతున్నా లోపలికి రాదు. ఆ రాయి అక్కడే ఉంటే మామయ్య అబద్ధాలకోరు. లేకపోతే ఇన్నేళ్ళూ అమ్మ ఏ పాపం ఎరగని తమ్ముణ్ణి వెలేసినట్టు. రెండింట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. ఏది నిజమైనా ఇద్దరిలో ఒకరు నా ముందే కూలిపోతారని మాత్రం తెలుసు, దానికే భయం వేసింది.

మేము ఎందుకు వచ్చామో మామయ్యకి చెప్పనవసరం లేకపోయింది. "పాత ఊరు చూస్తామని చెప్పు" అని అమ్మ నాతో అంది. ఆయన విన్నాడు. నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు తలూపాడు. తెల్లవారి బయల్దేరేసరికి ఎవరూ అడక్కుండానే పార భుజాన వేసుకుని వెనకే వచ్చాడు.

నీళ్ళు వెనక్కి తగ్గిన చోటంతా బురద ఎండి బీటలిచ్చింది. బీటల్లో కాలు పడితే మడమ దాకా దిగుతోంది. కొందరు అప్పుడే ఆ ఒండ్రులో దోసపాదులు పెట్టారు. వాటిని దాటి ఇంకా దిగితే ఊరు కనపడింది. ఊరంటే మోకాటి ఎత్తు గోడలు. కప్పు రాళ్ళు ఎవరివి వాళ్ళు ఊడదీసుకుపోయారు కదా. గుమ్మాలు లేవు, కిటికీలు లేవు, అన్నిటి మీదా బూడిద రంగు మట్టి, నత్తగుల్లలు. రేవు మెట్లు మాత్రం నిన్న కట్టినట్టు ఉన్నాయి, వాటి కింద నది సన్నగా పారుతోంది. నా చేతిలో కాగితాలున్నాయి. ఒక్కో గోడ ముందు ఆగి, ఇది ఎవరిది మామయ్యా అని అడుగుతున్నాను. ఆయన చెబుతున్నాడు. ఇది సంత అరుగు, ఇది మిషన్ బడి, ఇది రేవుని వేలంపాటలో పాడుకున్నవాళ్ళ ఇల్లు. ఇదిగో, ఇది మనిల్లు. అమ్మ ఆ ఇంటి వంక కూడా చూడలేదు. చర్చి గోడ పట్టుకుని చకచకా ముందుకు పోతోంది.

చర్చి వెనక అంతా చదునుగా ఉంది. సమాధులన్నీ ఒండ్రు కింద ఉన్నాయి. అమ్మ చెప్పులు విడిచి కాలితో గీకుతోంది, వంగి చేత్తో తడుముతోంది, నాలుగు అడుగులు నడిచి మళ్ళీ వంగుతోంది. "తూర్పు గోడకి ఎదురుగా గదా? ఈడ వేపచెట్టు ఉండాల, దాని మొద్దు ఏది?" అని నన్ను అడుగుతోంది. నాకేం తెలుసు? నేనూ ఒక పుల్ల పట్టుకుని అక్కడా ఇక్కడా పొడిచాను. ఒకటి రెండు రాళ్ళు తగిలాయి, మట్టి తీసి చూస్తే ఎవరివో. ఎండ నడినెత్తికి వచ్చింది. మామయ్య దూరంగా పార ఆనించుకుని నిలబడి చూస్తున్నాడు.

చివరికి అమ్మ మట్టిలో కూలబడింది. "లేదే" అంది. "లేదు. వాడు తెచ్చినట్టే ఉన్నాడు. నిజంగానే పొర లేసిపోయినట్టుంది. నేనే, నేనే నా తమ్ముణ్ణి..." పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు ఆ నేల మీద, ఆ నీళ్ళ మీద, అసలు చరిత్ర రాయమన్నవాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

మామయ్య అప్పుడు నోరు విప్పకుండా ఉంటే సరిపోయేది. ఆయన నెగ్గేసినట్టే. ఇంటికి వెళ్ళి అక్క చేతి అన్నం తినొచ్చు, జన్మంతా ఆమె చేత క్షమాపణలు చెప్పించుకోవచ్చు. ఆయన పార భుజాన వేసుకుని, వెతక్కుండా, అటూ ఇటూ చూడకుండా, మేము గీకిన చోటుని దాటిపోయి ఒక దగ్గర ఆగాడు. తవ్వడం మొదలుపెట్టాడు. ఒండ్రు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. పార రాయికి తగిలింది. ఆయన చొక్కా విప్పి దాంతో రాయి తుడిచాడు. పేరు, సిలువ, వాక్యం. ఎక్కడా ఒక అంచు కూడా అరగలేదు.

అమ్మ లేచి వచ్చి చూసింది.

"ఒరేయ్" అంది.

నాకు ఊహ తెలిశాక అమ్మ ఆయన్ని నేరుగా పిలవగా వినడం అదే మొదలు.

"పొర లేసిందన్నావు గదరా."

"అన్నానక్కా."

"నా మొకం చూసి చెప్పావు గదరా!"

"చెప్పానక్కా."

అమ్మ పిడికెడు మట్టి తీసి ఆయన మీద విసిరికొట్టింది. ఇంకో పిడికెడు. ఆయన కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను పోయి ఆపాలి. ఎందుకో పోలేదు.

"ఎట్టా తెచ్చేదక్కా?" అన్నాడు ఆయన. "గడ్డపార ఏసి లేపబోయా. ఒక్కణ్ణి. పిలిస్తే ఎవుడొస్తాడు, ఎవుడి కప్పు వాడు ఊడదీసుకుంటన్నాడు. నీళ్ళు రేవు మెట్లు ఎక్కేసినయి. బండి ఒక్కటే దొరికింది. దీన్ని ఎక్కిస్తే ఇంటి రాళ్ళు ఈడే మిగిలిపోతయ్యి. ఇంట్లో నీ మరదలు కడుపుతో ఉంది."

"అదే చెప్పొచ్చు గదరా. తేలేకపోయా అక్కా అని ఒక్క మాట."

"నువ్వూ కడుపుతోనే ఉన్నావు గదా. యాడ అఘాయిత్యం చేసుకుంటావో అని బయమేసింది. తర్వాత చెబుదామనుకున్నా. నువ్వు మాట్టాడటం మానేశావు."

అమ్మ మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆమె చెంపల మీద మట్టి చారలు కట్టింది.

"మరి ఆ బోడి రాయి ఎవరిదిరా? యాడ దొంగతనం చేశావు?"

"మనింటిదే అక్కా. అమ్మ పడుకునే గది మీద కప్పు రాయి. జబ్బుతో ఉన్నప్పుడు పడుకుని దాన్నే చూసేది గదా. నాకు చెక్కించే దారి లేదు. కనీసం ఆమె చూసిన రాయన్నా అని దాన్ని ఏసినా."

కొత్తూళ్ళో మామయ్య ఇంటి కప్పుకి ఒక మూల రాయి ఉండదు, రేకు ముక్క ఉంటుంది. వానాకాలం ఆ మూల కారితే కింద బిందె పెడతారు. ఆయన బద్ధకం గురించి మాట వచ్చినప్పుడల్లా అమ్మ ఆ రేకు గుర్తు చేసి నవ్వేది. ఇప్పుడు ఆమెకీ అదే గుర్తుకొచ్చి ఉండాలి. ఆయన వంక చూడలేక రాయి పక్కన చతికిలబడి, అక్షరాల గాడుల్లో ఇరుక్కున్న మట్టిని గోటితో తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన కూడా రెండో పక్క కూర్చుని తీయసాగాడు.

"ట్రాక్టరు మాట్లాడతానక్కా" అన్నాడు. "ఇప్పుడు మనుషులున్నారు. రేపే లేపుకుపోదాం."

"వద్దు" అంది అమ్మ. "అమ్మ ఈడుంది. ఆమె రాయి ఆమె మీద ఉండనీ. ఆడ నువ్వు ఏసింది నాకు చాలు."

తిరిగి మెట్ట ఎక్కుతుండగా అమ్మ నన్ను అడిగింది, నా చరిత్రలో శ్మశానం గురించి ఏం రాశానని. ఏమీ రాయలేదన్నాను.

"రాయి తెచ్చాడని పెట్టు."

"అదేందక్కా?" అన్నాడు మామయ్య వెనక నుంచి. "కళ్ళారా చూసి కూడా అబద్ధం రాయిస్తావా పిల్ల చేత? నేను తేలేదని రాయమ్మా. జనం ఏమన్నా అనుకోనీ."

"నువ్వు నోరు ముయ్యరా."

"నేనెందుకు ముయ్యాల? ఇరవై ఏళ్ళు మూసుకుని చచ్చా. ఇంక నా వల్ల కాదు."

ఇంటికి చేరేదాకా పోట్లాడుకున్నారు. అన్నాల దగ్గర పోట్లాడుకున్నారు. అత్తయ్య వడ్డించబోయి ఆగి, నోరు తెరుచుకుని వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. నా ద్వారా ఒక్క మాట కూడా పోవడం లేదు. నా ముందు నుంచి, నా నెత్తి మీద నుంచి ఒరేయ్‌లూ అక్కాలూ దూసుకుపోతుంటే, నేను పప్పన్నం కలుపుకుంటూ హాయిగా కూర్చున్నాను. బహుశా నా జీవితంలో నేను కుదురుగా కూర్చున్న పూట అదొక్కటే.

ఆ తర్వాత నాకు మళ్ళీ స్థిమితం లేకుండా పోయింది. ఆ వ్యాసంలో మిగతాదంతా రాసేశాను, రేవు ముందా సంత ముందా అన్న తగువుని తగువుగానే వదిలేశాను. ఆ ఒక్క వాక్యమే తెగలేదు. తెచ్చాడని రాస్తే మామయ్య తల ఎత్తుకోలేడు, తేలేదని రాస్తే అమ్మ నా ముఖం చూడదు. ఎన్ని కాగితాలు చింపానో. ప్రెస్సువాళ్ళు తొందరపెట్టే దాకా చింపుతూనే ఉన్నాను.

సంచిక వచ్చేనాటికి సాగర్‌లో మళ్ళీ నీళ్ళు చేరాయి, పట్నం కనపడకుండా పోయింది. సమాధుల పండగ నాడు ఆ సంచిక కొత్తూరు తీసుకెళ్ళాను. అమ్మ ముందు రోజే అక్కడికి చేరింది. నేను వెళ్ళేసరికి శ్మశానంలో ఇద్దరూ ఆ బోడి రాయికి చెరో వైపు నుంచి సున్నం వేస్తున్నారు, ఎవరి వైపు పలచగా పడిందన్న దాని మీద మాటా మాటా అనుకుంటున్నారు. చదవమన్నారు. నిలబడే చదివాను. శ్మశానం దగ్గరికి వచ్చేసరికి ఒక్కో మాటా ఆగి ఆగి చదివాను.

"పట్నంలో మరణించిన ఒక తల్లి రాతిని ఆమె కొడుకు కొత్తూరికి తెచ్చాడని ఆమె కూతురు చెబుతుంది."

మామయ్య బ్రష్ కింద పెట్టాడు. "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.

చదివాను. ఆయన సున్నం చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అమ్మ లేచి వెళ్ళి ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది.

"విన్నావు గదరా. చెప్పేది నేను. కాదనేవాడు ఎవడన్నా ఉంటే నా దగ్గరికి పంపు."